కథ చదివాక ప్రశ్నలు వద్దు

గోదావరి పాయలైన వశిష్ఠకూ వైనతేయకూ నడుమనున్న మా ఊరి ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు వారానికి రెండు మధ్యాహ్నాలు కథల పుస్తకాలు చదివి వినిపిస్తూ ఉంటాను. సహకార బ్యాంకులో ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందినదాన్ని. బోధనలో నాకు శిక్షణ లేదు. తెలుగు తప్పులేకుండా పైకి చదవగలను, చెప్పిన వేళకు వెళ్ళగలను. ఈ పనికి అవి రెండూ చాలునని హెడ్మాస్టరుగారు అన్నారు. పిల్లల మధ్య కూర్చుని చదువుతూ వచ్చిన కొద్దీ నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. చిన్నపిల్లలకు కథ చదివిన తరువాత ప్రశ్నలు అడగకూడదు, నీతి అప్పజెప్పించకూడదు, ‘ఏదీ, ఈ వాక్యం నువ్వు చదువు’ అని పుస్తకం చేతికివ్వకూడదు. చదివి వినిపించడాన్ని పాఠానికీ పరీక్షకూ దూరంగా ఉంచాలి. ఎందుకలా అనుకుంటున్నానో, ఈ పనిలోకి రావాలనుకునేవారికి పనికివస్తుందన్న ఆశతో కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా మా పిల్లల పరిస్థితి చెప్పాలి. మా బడిలో ఐదు తరగతులకు ఇద్దరే ఉపాధ్యాయులు. చిన్న తరగతులు రెండింటినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒక వరుసకు అక్షరాలు దిద్దించి, రెండో వరుసకు కూడికలు చెప్పి, ఆ మధ్యలోనే హాజరు, భోజనాల వివరాలు ఫోన్లో నమోదు చేసుకునే టీచరుగారికి తీరిగ్గా కూర్చుని కథ చదివే వ్యవధి ఎక్కడిది? ఇక ఇళ్ళ సంగతి. ఇంటిపనుల కోసం కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళిన ఆడవాళ్ళు లేని ఊరు కోనసీమలోనూ నరసాపురం వైపూ అరుదు. మా తరగతిలోనూ తల్లి అక్కడ ఉండగా ఇక్కడ అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతున్న పిల్లలు ఉన్నారు. ఆ పెద్దవాళ్ళు పిల్లలకు వేళకు అన్నం పెట్టి, తలదువ్వి, బడికి పంపడంలో ఏ లోటూ చెయ్యరు. అయితే వారిలో చాలామందికి చదవడం రాదు. ఇంట్లో ఒక మనిషి పుస్తకం తెరిచి పైకి చదవడమనేది ఆ పిల్లల్లో ఎక్కువమంది ఎన్నడూ చూడలేదు. వారి చేతికి వచ్చే మొదటి పుస్తకం పాఠ్యపుస్తకం. పుస్తకంతో వారికి మొదట ఏర్పడే చుట్టరికం తప్పొప్పుల చుట్టరికం.

పుస్తకాల్లోని తెలుగుకూ ఇంట్లో వినబడే తెలుగుకూ దూరం ఉంది. మా పిల్లలు ‘వత్తన్నాడండి’, ‘చేత్తానండి’ అంటారు. అది వాళ్ళ అమ్మానాన్నల భాష, ఈ నేల భాష. దాన్ని దిద్దాలని నేనెప్పుడూ అనుకోలేదు. ‘వస్తున్నాడు’ అని అచ్చులో కనిపించేది తమ ‘వత్తన్నాడే’నని పిల్లలు చాలా త్వరగా పట్టేస్తారు కూడా. అసలు చిక్కు ‘అంతలో’, ‘మరునాడు’, ‘ఎలాగైనా సరే’, ‘తనలో తాను అనుకున్నాడు’ వంటి మాటల దగ్గర వస్తుంది. కథను ముందుకు నడిపే మాటలివి. ఇంటి సంభాషణల్లో దాదాపుగా వినబడవు. గుణింతాలు, ఒత్తులు శ్రద్ధగా నేర్చుకున్న పిల్లవాడు ‘మ, రు, నా, డు’ అని కూడబలుక్కుని, ఒక్కొక్క అక్షరాన్నీ తప్పులేకుండా పలికి, చివరికి తేలిన మాట తానెన్నడూ విననిది కావడంతో నిలిచిపోతాడు. ఆ మాటను అంతకుముందే పలుమార్లు విన్నవాడు మాత్రం ‘మరు’ దాకా రాగానే మిగిలింది తానే అందుకుని తరువాతి మాటకు వెళ్ళిపోతాడు. ఇద్దరికీ అక్షరజ్ఞానం సమానమే. ఒకడి చెవికి ఆ మాట ముందే చేరింది, రెండోవాడికి చేరలేదు. ఈ తేడాను మా తరగతిలో దగ్గరగా కూర్చుని చూసిన తరువాతే, చదివి వినిపించడమన్నది తీరిక ఉన్నప్పుడు చేసే వినోదమన్న మాటను నేను ఒప్పుకోవడం మానేశాను.

అందుకే అచ్చులో ఉన్నది ఉన్నట్టుగానే చదువుతాను. కష్టమైన మాట వచ్చినప్పుడు దాన్ని తీసేసి తేలిక మాట పెట్టడం మంచి ఉద్దేశంతో చాలామంది చేసే పని. అలా చేస్తే పిల్లలకు కొత్త మాట వినే అవకాశమే పోతుంది. చదివే గొంతులో, చెయ్యి ఊపడంలో, బొమ్మ మీద వేలు పెట్టడంలో అర్థం చాలావరకు తెలిసిపోతుంది. మిగిలినది రెండోసారి చదివినప్పుడు తెలుస్తుంది, లేకపోతే మూడోసారి. తొందరేమీ లేదు.

ప్రశ్నల విషయానికి వస్తాను. మన బడుల్లో కథ అయిపోగానే ‘ఈ కథలోని నీతి ఏమిటి?’ అని అడగడం తరతరాలుగా వస్తున్న అలవాటు. అడగబోతున్నారని పిల్లలకు ఒకసారి తెలిసిందంటే, తరువాతి కథను వాళ్ళు వినే తీరే మారిపోతుంది. కుందేలు ఏ పొదలో దాక్కుందోనని బొమ్మలో వెతకవలసిన కళ్ళు నా ముఖం వైపు తిరుగుతాయి. ఏది గుర్తుపెట్టుకోవాలో, ఏది అడుగుతారోనన్న ఆలోచన మొదలవుతుంది. చురుకైన ఇద్దరు ముగ్గురు జవాబుకు సిద్ధంగా చెయ్యెత్తి కూర్చుంటారు, మిగతావారు వారి వెనుక దాక్కుంటారు. పిల్లలకు ఎంత వచ్చిందో కొలవడం ఉపాధ్యాయుల బాధ్యత, అందుకు వారికి వేరే వేళలు, వేరే పద్ధతులు ఉన్నాయి. బయటినుంచి వచ్చి కథ చదివే మనిషికి ఆ బాధ్యత లేకపోవడం పెద్ద సౌకర్యం, దాన్ని చేజేతులా వదులుకోకూడదు.

అడగకపోతే పిల్లలు మాట్లాడరేమోనన్న భయం అక్కర్లేదు. ఏడు చేపల కథ మన తెలుగువాళ్ళలో వినని వారుండరు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే, అందులో ఒకటి ఎండలేదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డం వచ్చిందని చెప్పుకుంటూ కథ ఒకదాని వెంట ఒకటిగా చీమ దాకా సాగుతుంది. బొమ్మలున్న పుస్తకంలో ఆ కథ చదువుతూ, ‘చేపా చేపా, ఎందుకు ఎండలేదు?’ అన్న చోట పేజీ తిప్పడానికి ఆగాను. ముందువరుసలో ఉన్న ఒకటో తరగతి అమ్మాయి, ఆమెవాళ్ళది అంతర్వేది వైపునుంచి వచ్చిన చేపలవారి కుటుంబం, లేచి నిలబడి, ‘తిరగెయ్యలేదేమోనండి మామ్మగారూ’ అంది. గది అంతా ఆమె వైపు తిరిగింది. నెత్తళ్ళు ఎండబెట్టినప్పుడు మధ్యలో తిరగెయ్యకపోతే అడుగున పచ్చిగానే ఉండిపోతాయనీ, ఇసకలో కన్నా వల పరిచి దాని మీద వేస్తే బాగా ఎండుతాయనీ, మబ్బు పడితే అమ్మమ్మ పరుగెత్తుకెళ్ళి ఎత్తేస్తుందనీ చేతులు తిప్పుతూ చెప్పుకొచ్చింది. అంతవరకూ హాజరుకు ‘ప్రెజెంట్’ అనడం తప్ప తరగతిలో ఆ పిల్ల గొంతు పెద్దగా విన్నవారు లేరని టీచరుగారు తరువాత నాతో అన్నారు. ఇంకొక పిల్లవాడు, రాజుగారింట్లో నౌకర్లుంటారు గదా, వాళ్ళయినా తిరగెయ్యాలి కదండీ అన్నాడు. అప్పుడు పేజీ తిప్పి గడ్డిమోపు చూపించాను. తమ కారణం కథలోని కారణం కన్నా బాగుందని చాలామంది తీర్మానించారు, నాకూ అలాగే అనిపించింది.

‘చేప ఎందుకు ఎండలేదో చెప్పండి’ అని నేనే అడిగి ఉంటే పిల్లలు గడ్డిమోపు అనే జవాబును గుర్తుచేసుకునే ప్రయత్నం చేసేవారు. అడగలేదు కనుక ఆ అమ్మాయి తనకు తెలిసిన లోకాన్ని తీసుకొచ్చి పుస్తకం పక్కన పెట్టింది. చదవడమంటే చివరికి మనమందరమూ చేసే పని అదే కదా.

ఇక చదివే పద్ధతి. తెలియకపోతే పాడయ్యేవి చిన్నచిన్న విషయాలే. పిల్లలు చాపల మీద అర్ధచంద్రాకారంలో కూర్చుంటే, చదివేవారు వారి ఎదురుగా పొట్టి ముక్కాలి పీట మీద కూర్చోవడం మంచిది. కుర్చీలో కూర్చుంటే పుస్తకం వాళ్ళ కళ్ళకన్నా బాగా ఎత్తులో ఉండి మెడలు నొప్పి పుడతాయి. కిటికీ పిల్లల వీపు వైపు ఉండాలి. నున్నటి కాగితం మీద వెలుగు ఏటవాలుగా పడితే ఒక పక్కన కూర్చున్నవారికి బొమ్మ స్థానంలో తెల్లటి మెరుపే కనిపిస్తుంది. పుస్తకాన్ని భుజం పక్కన, పేజీలు పిల్లల వైపు ఉండేలా పట్టుకుని, ఓరగా చూస్తూ చదవడం అలవాటు చేసుకోవాలి. ఇంట్లో ముందుగా రెండుసార్లు చదువుకుంటే ఇది కష్టం కాదు. పేజీ తిప్పగానే చదవడం మొదలుపెట్టకుండా, బొమ్మ చూసుకోవడానికి పిల్లలకు కాస్త వ్యవధి ఇవ్వాలి. వాళ్ళు ముందు బొమ్మనే చదువుతారు. రేకుల కప్పు మీద వాన కురిసేటప్పుడు మాత్రం ఎవరి గొంతూ చాలదు; ఆ రోజుల్లో పిల్లల్ని గుంపులుగా దగ్గరకు పిలిచి, పుస్తకం మధ్యలో పెట్టి బొమ్మలు చూపించడమే మేలు.

మధ్యాహ్న భోజనం అయిన వెంటనే వచ్చే పీరియడ్‌ను నేను అడిగి మరీ తీసుకున్నాను. ఆ వేళ పిల్లలు లెక్కలు చెయ్యలేరు, నిద్రా పోలేరు. మా రాష్ట్రంలో మధ్యాహ్న భోజన పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మగారి పేరు ఉంది. గోదావరి లంకల్లో ఆకలన్నవారికి వేళాపాళా లేకుండా వండిపెట్టిన ఆ తల్లి ఊరు లంకల గన్నవరం మాకు దగ్గరే. కడుపునిండా తిని వచ్చి కూర్చున్న పిల్లలకు కథ చదవడం ఎంత హాయిగా ఉంటుందో చదివి చూసినవారికే తెలుస్తుంది.

ఒకే పుస్తకాన్ని మళ్ళీ మళ్ళీ చదవమని పిల్లలు అడుగుతారు. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు సాధారణంగా దీనికి విసుక్కుంటారు, రోజుకొక కొత్త పుస్తకం తేవాలని ఆరాటపడతారు. నా అనుభవంలో అసలు పని జరిగేది మూడోసారో నాలుగోసారో చదివేటప్పుడే. మొదటిసారి పిల్లల దృష్టి అంతా తరువాత ఏమవుతుందన్న దాని మీద ఉంటుంది. అది తెలిసిపోయాక మాటలు వినబడడం మొదలవుతుంది. వాక్యంలో సగం నేను చదివి ఊపిరి తీసుకునేలోగా మిగతా సగం వాళ్ళే అనేస్తారు. ఆ తరువాత ఒకరోజు, ఎవరూ చెప్పకుండానే, ఇద్దరు పిల్లలు మూల కూర్చుని అదే పుస్తకం ముందేసుకుని, వేలు జరుపుకుంటూ గడగడా ‘చదువుతూ’ కనిపిస్తారు. వేలు ఒక మాట దగ్గర ఉంటుంది, నోరు ఇంకో మాట దగ్గర ఉంటుంది. ఇది బట్టీ పట్టడమే కదా, చదవడమెలా అవుతుందని ఒక ఉపాధ్యాయురాలు నన్ను అడిగారు. కొద్ది వారాలు గమనించండమ్మా అన్నాను. గమనిస్తే కనిపించేదేమిటంటే, వేలికీ నోటికీ మధ్యనున్న ఎడం మెల్లగా తగ్గుతూ వస్తుంది. ‘చీమా చీమా’ అన్నచోట ఒకే ఆకారం పక్కపక్కన రెండుసార్లు ఉందని పిల్లవాడికి తానుగా తట్టిన క్షణంలో ఆ రెండూ కలుస్తాయి. అక్కడినుంచి ఆ మాటను అతడు ఏ పుస్తకంలోనైనా, ఏ గోడ మీదనైనా గుర్తుపడతాడు. తెలుగులో అక్షరాలూ ఒత్తులూ ఎక్కువ. వాటన్నిటినీ నేర్చిన తరువాతే కథ దొరుకుతుందంటే, అంత దూరం నడిచే ఓపిక ఆరేళ్ళ పిల్లలకు ఎలా ఉంటుంది? కథ ముందే చేతిలో ఉంటే అక్షరాల కోసం వాళ్ళే వస్తారు.

పుస్తకాల గురించి తరచు అడుగుతారు కనుక చెబుతాను. పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద బొమ్మ, మళ్ళీ మళ్ళీ వచ్చే పలుకుబడి, ఈ మూడూ ఉన్న పుస్తకం ఈ వయసుకు తగినది. నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం, తూలిక, మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్ వారి ప్రచురణల్లో ఇటువంటివి తెలుగులో దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలను ఉచితంగా దింపుకోవచ్చు. వాటిని అచ్చువేసుకుని పంచుకోవడానికి కూడా అనుమతి ఉంది. అక్కడ కథలను నాలుగు స్థాయిలుగా విడదీశారు, మా తరగతికి మొదటి రెండూ సరిపోతాయి. రంగుల్లో అచ్చు తీయించి స్పైరల్ బైండింగ్ వేయిస్తాను. నలుపు తెలుపుల్లో తీస్తే మామిడిపండూ బంగాళాదుంపా ఒకేలా ఉంటాయి. 1947 జూలైలో మొదలైన చందమామ సంచికలు మా ఇంట్లో కట్టలుగా ఉన్నాయి. ఎంత ప్రేమ ఉన్నా వాటిని ఒకటో తరగతికి తీసుకువెళ్ళను. కథ పొడవు, అక్షరం చిన్న, బొమ్మ పేజీకి ఒక మూల. నాలుగు, ఐదు తరగతుల వారికి మాత్రం అవి ఇప్పటికీ అద్భుతంగా పనిచేస్తాయి.

మనకు తెలిసిన కొబ్బరితోటలు, పంటకాలువలు ఉన్న కథలే చదవాలా అని కొందరు అడుగుతుంటారు. నేను ఆ గిరి గీసుకోను. అమలాపురానికి ఇంకా రైలు రాలేదు, కోటిపల్లి నుంచి నరసాపురం దాకా వెయ్యవలసిన మార్గం పూర్తి కాలేదు, మా పిల్లల్లో రైలెక్కనివారు ఎక్కువమంది. రైలు కథ వాళ్ళకెంత ఇష్టమో చెప్పలేను. చూడనిదాన్ని చూపించడానికే కదా పుస్తకం.

తల్లిదండ్రులు అడిగేది ఇంకొకటి ఉంది. ‘కథలు ఇంగ్లీషులో చదవచ్చు కదండీ, పిల్లలకు ఇంగ్లీషు వస్తుంది’ అంటారు. వారి తపన నాకు తెలుసు. కువైట్‌లో ఉన్న తల్లికి ఇంగ్లీషు విలువ నేను చెప్పనక్కర్లేదు. మన ప్రభుత్వ బడుల్లో 2020-21 నుంచి పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా వస్తున్నాయి కనుక ఇంగ్లీషు వారికి అందుబాటులోనే ఉంది. కానీ అచ్చులో ఉన్న మాట తనతో మాట్లాడుతుందన్న సంగతి పిల్లలకు మొదట తెలియవలసింది తమకు అర్థమయ్యే భాషలో. అది తెలిసినవాడు రెండో భాష పుస్తకాన్ని కూడా అదే నమ్మకంతో తెరుస్తాడు. అందువల్ల ఈ రెండు తరగతులకూ తెలుగే చదువుతాను. అడిగినవారికి ఇదే మాట చెబుతాను, ఎక్కువమంది ఒప్పుకున్నారు.

ఒకరు చదవగా పదిమంది వినడం మనకు పరాయి పద్ధతి కాదు. పురాణ కాలక్షేపాల్లో ఒకరు గ్రంథం పైకి చదువుతూ పోతే, ఊరు ఊరంతా కూర్చుని వినేది. గ్రంథాలయోద్యమ పితామహుడని మనం పిలుచుకునే అయ్యంకి వెంకటరమణయ్యగారు 1890లో పుట్టింది తూర్పు గోదావరి జిల్లా కొంకుదురులో. ఆ ఉద్యమం ఎంత దూరం వెళ్ళిందంటే, 1935లో కృష్ణా డెల్టా కాలువల మీద పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరికీ పంపారు. మన డెల్టాకూ అటువంటి కాలువలే ఉన్నాయి. పుస్తకాన్ని మనిషి దగ్గరకు తీసుకువెళ్ళాలన్న ఆలోచన మన నీటిలోనే ఉంది. ఇప్పుడు నిపుణ్ భారత్ పేరుతో 2021లో మొదలైన జాతీయ కార్యక్రమం, మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవగలగాలన్న లక్ష్యానికి 2026-27ను గడువుగా పెట్టుకుంది. లక్ష్యం మంచిది. ఇద్దరు ఉపాధ్యాయులున్న బడిలో దాన్ని అందుకోవాలంటే ఊళ్ళో చదువుకున్న నాబోటివాళ్ళు వారానికి రెండు గంటలు ఇవ్వవలసిందే.

తల్లులు దూరాన ఉన్న పిల్లల గురించి ఒక మాట. ఒక నాయనమ్మగారు బడి గేటు దగ్గర నన్ను ఆపి, మనవరాలు రాత్రి కూడా కథ చదవమంటోందనీ, తనకు చదువు రాదనీ అన్నారు. పాప తల్లి కువైట్‌లో ఉంది, పదో తరగతి దాకా చదువుకుంది. కువైట్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక ఉంటుంది కాబట్టి ఇక్కడ పాప తొమ్మిదింటికి పడుకునే వేళకు అక్కడ తల్లి యజమానుల ఇంట్లో సాయంత్రం పనిలో ఉంటుంది, ఫోన్ తియ్యడానికి వీలుండదు. అందుకని స్టోరీవీవర్ కథల లంకె ఆమె వాట్సాప్‌కు పంపాము. ఆమె తన పని ముగిశాక చదివి, గొంతు రికార్డు చేసి పంపుతుంది. మరునాటి రాత్రి నాయనమ్మగారు ఫోన్ పెట్టి, మేము అచ్చుతీసి ఇచ్చిన పుస్తకం పాప ముందు తెరుస్తారు. ఎక్కడ పేజీ తిప్పాలో తెలిసేటట్లు ‘తిప్పమ్మా’ అని తల్లే మధ్యమధ్యలో చెబుతుంది. ఇప్పుడు ఇంకో ఇద్దరు తల్లులు అడిగారు, వారికీ పంపుతున్నాము.

చేరాలనుకునేవారు చెయ్యవలసింది పెద్దగా లేదు. ముందు హెడ్మాస్టరుగారిని కలిసి, విద్యా కమిటీకి తెలియజెప్పి, అనుమతి తీసుకోవాలి. టీచరుగారు గదిలోనో పక్కగదిలోనో ఉండేటట్లు చూసుకోవాలి. ఏ రోజు, ఏ వేళ అన్నది ఖాయం చేసుకుని, ఆ వేళ తప్పకూడదు. పిల్లలు ఎదురుచూస్తారు, రాకపోతే నోరు తెరిచి అడగరు కూడా. బిస్కట్లు, చాక్లెట్లు పంచవద్దు. పిల్లల ఫొటోలు తీసి ఎక్కడా పెట్టవద్దు. వరదల రోజుల్లో లంకల పిల్లలు పంటు పడవ మీద ఏరు దాటి రాలేరు, తరగతి సగం ఖాళీగా ఉంటుంది. అప్పుడు చదివిన పుస్తకాన్ని వారు వచ్చాక మళ్ళీ చదవాలి. మా మండలంలోనే ఇలా చదివేవారు కావాలని అడుగుతున్న బడులు ఇంకా ఉన్నాయి. ఎవరైనా ముందుకు వస్తే, మొదటి కొన్ని వారాలకు సరిపడే పుస్తకాలు నా దగ్గర రెండేసి ప్రతులు ఉన్నాయి, ఒక్కొక్కటి తీసుకువెళ్ళవచ్చు. ఎలా చదువుతానో ముందు ఒకసారి చూడాలనుకుంటే, హెడ్మాస్టరుగారికి చెప్పి, ఏ బుధవారమైనా మధ్యాహ్నం మా బడికి వచ్చి పిల్లలతో పాటు చాప మీద కూర్చోవచ్చు.